పద్దెనిమిది పేజీల ఊరు

ఆ వానాకాలం మా ముందుగదిలో ఊరు తొక్కకుండా అడుగు వెయ్యడం కుదిరేది కాదు. నేలంతా చీటీలే. ఒక చీటీ మీద నది పొడవు, ఒకదాని మీద జనాభా, ఇంకోదాని మీద రైల్వే స్టేషను కట్టిన సంవత్సరం. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా మా అమ్మాయి వాటి మీద చెంచాలు, దారపు ఉండలు, తాళంచెవులు పెట్టేది. గరిటె కనిపించకపోతే జంతుశాల మీద ఉందేమో చూసి తెచ్చుకునేదాన్ని.

అమ్మాయి విజ్ఞాన సర్వస్వం తయారుచేసే ఆఫీసులో పనిచేసేది. ప్రపంచంలో ఉన్నవన్నీ అక్షరాల వరుసలో పెట్టి లావుపాటి సంపుటాలుగా వేస్తారు. పాత ముద్రణ వచ్చి ముప్ఫై ఏళ్ళయిందని మళ్ళీ రాయిస్తున్నారు. మా ఊరి వ్యాసం దాని చేతికి వచ్చింది. పద్దెనిమిది పేజీలు. పందొమ్మిదోది ఇవ్వరు. కొత్త వాక్యం ఒకటి లోపలికి రావాలంటే పాత వాక్యం ఒకటి బయటికి నడవాలి.

అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం అందులో చోటు దొరకనివాళ్ళ గురించి ఆలోచించాను.

"వదిలేసినవాళ్ళకి కోపం రాదుటే?" అన్నాను.

"ఎవరికమ్మా?"

"ఎవరికో ఒకరికి."

అది నవ్వి ఊరుకుంది. నేను ఎప్పుడూ చెడే ఊహిస్తానని ఇంట్లో పేరు పడిపోయింది. గ్యాసు వాసన వస్తోందని లేచి చూడటం, తడిసిన మెట్టు మీద గోనెపట్టా వెయ్యడం, ఎవరైనా పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి పోయి నిలబడటం. మా అబ్బాయి ఆదివారాలు పెళ్ళాం బిడ్డలతో వచ్చినప్పుడు చెప్పులు విప్పుతూనే అడిగేవాడు: "ఏమ్మా, ఇవాళ్టి వార్తల్లో ఎవరు పోయారు?" వాడు లారీల కంపెనీలో సరుకు రాసుకునే పని చేస్తాడు. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళు. ఆయన ఉన్నప్పుడు ఆయనా ఇలాగే వేళాకోళం చేసేవారు.

వ్యాసం సంగతి తెలిశాక మా వీధివాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కింది వాటాలో దర్జీ టేపు మెడలో వేసుకునే వచ్చాడు. "మూడు తరాల నుంచి ఇదే కొట్టమ్మా. మేయరు కోటుకి మా తాతే కాజాలు కుట్టాడు. ఒక్క ముక్క రాస్తే పోయేదేముంది?"

"రెండు చోట్ల కాగితం మీద ఉండాలి బాబాయ్. మీ తాతగారు కుట్టారని ఎక్కడైనా రాసి ఉందా?" అంది అమ్మాయి.

"కోటు లోపల గుర్తు ఉంటుంది."

"కోటు ఎక్కడుంది?"

"మేయరుతో పాటే పాతిపెట్టారు."

అది వాళ్ళ ఆఫీసు పద్ధతి. నోటిమాట పనికిరాదు. ఎంత నిజమైనా రెండు వేరువేరు కాగితాల మీద కనిపిస్తేనే లోపలికి. నేనూ ఊరుకోలేదు. "ఇంత ఊళ్ళో ఏ ఆస్పత్రిలో మంచాలు దొరుకుతాయో రాయవు గాని, జంతుశాలలో పులులెన్నో రాస్తావా?" అన్నాను. "వందేళ్ళ తర్వాత కూడా ఎవరికైనా కావాలా వద్దా, అదీ లెక్క," అంది. "వందేళ్ళకి ఆ పులులు ఉంటాయా?" అన్నాను. అది పులుల చీటీని పక్కకి జరిపి దాని మీద నా కళ్ళజోడు డబ్బా పెట్టింది.

శ్రావణం వానలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అది ముందుగా ఇంటికొచ్చింది. నేను బియ్యం ఏరుకుంటున్నాను. తడి గొడుగు మూలన పెట్టకుండానే నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, పెళ్ళికి ముందు మీ ఇంటిపేరు ఏమిటి?"

చెప్పాను. సంచిలోంచి రెండు కాగితాల నకళ్ళు తీసింది. ఒకటి పల్లపుపేట బడి హాజరు పుస్తకంలోది. ఒకే తారీకున, ఒకే ఎర్ర సిరాతో ముప్ఫై ఏడు పేర్లు కొట్టేసి ఉన్నాయి. రెండోది తాళ్ళ ఫ్యాక్టరీ పనివాళ్ళ సంఘం వేసిన నాలుగు పేజీల పత్రిక. అందులోనూ అవే పేర్లు. మధ్యలో మా ఇంటిపేరుతో ఒక పేరు.

"ఈవిడ ఎవరు?"

నా చేతిలో చేట ఆగిపోయింది. నలభై నాలుగేళ్ళు. మా ఆయనకి కూడా చెప్పలేదు. అక్క జ్వరంతో పోయిందనే చెప్పుకొచ్చాను, మా అమ్మ అలాగే చెప్పమంది కనక.

"మీ పెద్దమ్మ," అన్నాను.

తర్వాత దానంతట అదే వచ్చేసింది. మేం పల్లపుపేటలో ఉండేవాళ్ళం. నాన్నది తాళ్ళ ఫ్యాక్టరీ. నాకు పదకొండేళ్ళు, అక్కకి పద్నాలుగు. వారం రోజులు వాన. పట్టపగలు, అన్నం వేళ. ఊరికి ఎగువన ఉన్న పెద్ద జలాశయం నిండిపోయి బజారు వైపు కట్ట తెగేలా ఉందని, ఎవరికీ చెప్పకుండా మా వైపు తలుపులు ఎత్తేశారు. నీళ్ళు వస్తున్న చప్పుడు లారీల చప్పుడనుకున్నాం. అక్క నన్ను ఫ్యాక్టరీ గోడ మెట్ల మీదకి తోసి, "ఇక్కడే నిలబడు, కదిలావో చంపేస్తాను," అని నాయనమ్మ కోసం వెనక్కి పోయింది. నేను కదల్లేదు. సాయంత్రం దాకా కదల్లేదు. మిగిలినవాళ్ళకి ఊరి రెండో చివర తలా ఒక గది ఇచ్చారు. ఇచ్చేముందు ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, మా ఇంట్లో ఎవరూ వరదలో పోలేదని. మా నాన్న కూడా వేశాడు.

అమ్మాయి ఆ రెండు కాగితాలూ మళ్ళీ సంచిలో పెట్టింది. తర్వాత లేచి పాత ముద్రణ సంపుటం తెచ్చి చూపించింది. అందులో ఒకటే వాక్యం: ఆ ఏటి వరదలో పల్లపుపేట ముంపునకు గురైనప్పటికీ ప్రాణనష్టం జరగలేదు.

"ఇది ఉండకూడదమ్మా," అంది.

"ముప్ఫై ఏళ్ళ నుంచి ఉంది కదా. ఉండనీ."

"అక్కడ నాలుగు వేల ఇళ్ళు కడుతున్నారు. ముళ్ళకంపలు కొట్టేసి చదును చేస్తున్నారు. తెలుసా నీకు?"

నాకు తెలియదు. ఆ వైపు నేను నలభై నాలుగేళ్ళుగా పోలేదు. బస్సు అటు తిరుగుతుందంటే దిగిపోయేదాన్ని.

ఆ వాక్యాన్ని అది వారం రోజులు చెక్కింది. నేను వంట చేస్తుంటే గుమ్మంలో నిలబడి చదివి వినిపించేది, ఎక్కడ తడబడుతోందో చెప్పమనేది. వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది: "జలాశయం తలుపులను హెచ్చరిక లేకుండా ఎత్తడంతో పల్లపుపేట మునిగి, కనీసం ముప్ఫై ఏడుగురు పిల్లలు, లెక్కతేలనంతమంది పెద్దలు మరణించారు." పాతదానికంటే ఇది పొడుగు. చోటు చాల్లేదు. "పులుల్ని తీసేశాను," అని చెప్పింది.

"అన్నయ్యకి మాత్రం ఏమీ చెప్పకు," అన్నాను. "వాడి నోట్లో ఆవగింజ నానదు. కంపెనీ అంతా తిరిగి చెప్పేస్తాడు."

"నీ ఇష్టం. అచ్చయ్యాక వాడే చదువుకుంటాడు," అంది.

నాలుగు రోజుల తర్వాత ఒకాయన వచ్చాడు. ఉదయం పదకొండు గంటలు. అమ్మాయి ఆఫీసులో ఉంది. తలుపు తడితే తీశాను. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా. గొడుగు బయటే దులిపి, బూట్లు పట్టాకి రెండుసార్లు తుడుచుకుని, "లోపలికి రావచ్చా అమ్మగారూ?" అన్నాడు. పట్టణాభివృద్ధి ఆఫీసు నుంచి వచ్చానన్నాడు. చీటీలు తొక్కకుండా పక్కనుంచి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే రెండు చేతులా అందుకున్నాడు.

"మీ అమ్మాయి బాగా రాస్తుందట. మా ఆఫీసులో అందరూ అంటారు."

"ఏదోనండి, చిన్నపిల్ల."

"చిన్నపిల్లే. అందుకే మీతో మాట్లాడదామని." నీళ్ళు ఒక గుక్క తాగాడు. "మీది మొదట్లో పల్లపుపేట కదమ్మా?"

నేను వంగి, ఒక చీటీ మీదనుంచి జారిన తాళంచెవిని మళ్ళీ దాని మీద పెట్టాను.

"మీ నాన్నగారు వేలిముద్ర వేసిన కాగితం మా దగ్గరే ఉంది. భద్రంగా ఉంది, కంగారుపడకండి. అప్పట్లో కాగితాలు ఎంత బాగా దాచేవాళ్ళో. ఆయన జరగలేదన్నది ఇప్పుడు మనవరాలు జరిగిందనడం ఎందుకని, అంతే. పెద్దాయన మాటకి విలువ ఇవ్వాలి కదా మనం."

నేను చెంగు పట్టుకుని నిలబడ్డాను. ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయి రోజూ వంతెన మీదుగానే వస్తుంది కదా. అక్కడ లైట్లు లేవు. ఆడపిల్ల చీకట్లో నడుస్తుంటే చూసేవాళ్ళకే భయంగా ఉంటుంది. వేయిస్తాను," అన్నాడు. మెట్లు దిగుతూ, తడిగా ఉన్న మెట్టు మీద పట్టా చూసి మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం అమ్మాయి వచ్చాక ఎవరో దారి అడగడానికి వచ్చారని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు. దాచడం నాకు చిన్నప్పుడు నేర్పిన పని.

మూడో రోజుకి వంతెన మీద లైట్లు వెలిగాయి.

"చూశావా అమ్మా," అంది అమ్మాయి గొడుగు మడుస్తూ. "ఎన్నాళ్ళ నుంచి అర్జీలు పెడుతున్నాం. నువ్వేమో ఈ ఊళ్ళో ఏదీ బాగుపడదంటావు."

నేను అన్నం గరిటె గిన్నెలోనే వదిలేశాను. "ఎండాకాలం నుంచి ఎవరూ పట్టించుకోనిది ఇప్పుడెందుకు వేశారు?" అన్నాను.

"వేస్తే ఎందుకేశారంటావు, వెయ్యకపోతే ఎందుకెయ్యలేదంటావు."

వారం గడిచాక అన్నం తింటూ అదే మామూలుగా చెప్పింది. "లైట్ల కింద ఒకతను నిలబడి ఉంటున్నాడు. రోజూ అతనే. నేను దాటేటప్పుడు నమస్కారమండీ అంటాడు."

"నువ్వేమంటావు?"

"నేనూ నమస్కారం పెడతాను. ఏం చెయ్యమంటావు మరి?"

"వేరే దారిన రా."

"వేరే దారి ఎక్కడుందమ్మా, ఈదుకుంటూ రానా?"

అబ్బాయికి ఫోను చేసి సాయంత్రాలు చెల్లెల్ని తీసుకురమ్మన్నాను. "నమస్కారం పెట్టేవాడి మీద పోలీసు రిపోర్టు ఇమ్మంటావా? వార్తల్లో ఇదే మొదటిసారి చూడటం," అని నవ్వాడు. అయినా రెండు రోజులు వచ్చాడు. ఆ రెండు రోజులూ ఆ మనిషి లేడు. మూడో రోజు వీడు మానేశాడు. ఆ మనిషి మళ్ళీ ఉన్నాడు. ఆ రోజు నమస్కారంతో పాటు, "అన్నగారు రాలేదాండీ?" అని కూడా అడిగాడట.

ఆఫీసులో కూడా ఏదో మారింది. వాళ్ళ పెద్దసారు, అంటే సర్వస్వం అంతటికీ సంపాదకుడు, దాన్ని గదిలోకి పిలిచి టీ ఇప్పించి, ఆ వాక్యం తప్పనిసరా అని అడిగాడట. రెండు కాగితాలూ చూపించిందట. ఆయన చాలాసేపు చూసి, "పద్ధతి ప్రకారం సరిగానే ఉందమ్మా," అని తిరిగి ఇచ్చేశాడట. మర్నాడు దాని బల్లని కిటికీ పక్కనుంచి తీసి నడవలో వేశారట.

"ఆయన ఒప్పుకున్నాడు కదా, ఇంకేం," అంది. మొహం మాత్రం పీక్కుపోయి ఉంది. నేను ఆ రోజుల్లో సాయంత్రం అయిదయ్యేసరికి మెట్ల మీద కూర్చునేదాన్ని. వీధి మలుపులో దాని గొడుగు కనిపించేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. పిల్ల కనిపించాక కూడా దాని వెనకాల ఎవరైనా ఉన్నారా అని మలుపునే చూస్తుండేదాన్ని.

వానలు కాస్త తెరిపిచ్చాక ఊళ్ళో కళ్ళకలకలు మొదలయ్యాయి. ఆఫీసులో ముందు దీనికే అంటుకుంది. రెండు కళ్ళూ వాచి ఎర్రటి ముద్దలయ్యాయి. డాక్టరు చుక్కలమందు రాసి, వారం రోజులు అక్షరం చూడొద్దన్నాడు. సరిగ్గా ఆ రెండో రోజే అచ్చాఫీసు నుంచి వ్యాసం ప్రూఫులు ఇంటికి వచ్చాయి. రెండు రోజుల్లో సరిచూసి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టి పంపాలి.

"కళ్ళు తగ్గేదాకా ఆగరా?" అన్నాను.

"ఆగరట. పెద్దసారే ఫోను చేశాడు. అచ్చు యంత్రం ఖాళీగా ఉందట. నువ్వు చదువమ్మా. నేను వింటాను."

"నేనా? ఏడో తరగతి."

"చాలు. నేను రాసినదంతా నాకు కంఠతా ఉంది. తేడా వస్తే చెవికి తెలిసిపోతుంది. అక్కడున్నది ఉన్నట్టు చదువు. కామా వస్తే కామా అను, చుక్క వస్తే చుక్క అను, కొత్త పేరా వస్తే పేరా అను. ఆఫీసులోనూ ఒకరు చదువుతారు, ఒకరు వింటారు. అంతే పని."

భోజనాలయ్యాక కూర్చున్నాం. అది మంచం మీద పడుకుని కళ్ళ మీద తడి గుడ్డ వేసుకుంది. నేను కిటికీ దగ్గర కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాను. మొదట నోరు తిరగలేదు. జనసాంద్రత అన్న మాట దగ్గర మూడుసార్లు ఆగాను. అది నవ్వి, "టీచరుగారు బెత్తం తియ్యలేదులే, నెమ్మదిగా చదువు," అంది. నాలుగో పేజీకి నాకే సరదా పుట్టింది. నది పొడవు కామా, ఒడ్డున ఉన్న పేటలు చుక్క, పేరా. రైల్వే స్టేషను. పాత మార్కెట్టు. మ్యూజియం. రెండు చోట్ల అచ్చుతప్పులు దానికి చెవితోనే దొరికాయి. నేను పెన్సిలుతో గీత పెట్టాను. నా పిల్ల పక్కన కూర్చుని నేను దాని పని చేస్తున్నానన్న గర్వం, ఆ గంటసేపు, నాకు నిజంగా కలిగింది.

పదకొండో పేజీ మధ్యకి వచ్చాను. నా కన్ను వాక్యం కంటే ముందు పోయింది.

అక్కడ దాని వాక్యం లేదు. పాతదే ఉంది. అక్షరం మార్చకుండా పెట్టేశారు. కింద జంతుశాలలో పులులు కూడా తిరిగొచ్చాయి.

కిటికీలోంచి వీధి కనిపిస్తోంది. ఎవరూ లేరు. దర్జీ మిషను చప్పుడు వినిపిస్తోంది.

"ఏమైందమ్మా?" అంది అమ్మాయి గుడ్డ తియ్యకుండానే.

"దగ్గు," అన్నాను. నీళ్ళు తాగాను. కాగితం మీద వేలు పెట్టి చదివాను. "జలాశయం తలుపులను హెచ్చరిక లేకుండా ఎత్తడంతో పల్లపుపేట మునిగి కామా, కనీసం ముప్ఫై ఏడుగురు పిల్లలు కామా, లెక్కతేలనంతమంది పెద్దలు మరణించారు చుక్క."

జనసాంద్రత దగ్గర తడబడినదాన్ని ఇక్కడ తడబడలేదు.

అమ్మాయి చెయ్యి చాచి నా మోకాలు తడిమింది. "నువ్వు చదువుతుంటే బావుందమ్మా," అంది. "ఇది నీ నోటితోనే మొదట వినాలని ఉండింది నాకు."

మిగతా పేజీలు చదివాను. పులుల్ని వదిలేశాను. అన్నీ అయ్యాక అది లేచి కూర్చుంది. కళ్ళు సగం కూడా తెరుచుకోవడం లేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది. ఒక్కో పేజీ కింద దాని వేళ్ళు పట్టుకుని చోటు చూపించాను. పదకొండో పేజీ దగ్గర కూడా చూపించాను. మా నాన్న బొటనవేలు ఎవరు పట్టుకుని నొక్కించారో నాకు తెలియదు. ఎవరైనా ఇలాగే నెమ్మదిగా పట్టుకుని ఉంటారు.

కాగితాలు వెళ్ళిపోయిన నాలుగో రోజు కళ్ళు నయమై అది ఆఫీసుకి పోయింది. సాయంత్రం వచ్చి, "ఆ నమస్కారం మనిషి ఇవాళ లేడు," అంది. మర్నాడూ లేడు. మళ్ళీ ఎప్పుడూ లేడు. దాని బల్ల కిటికీ పక్కకి వచ్చేసింది. నేను మెట్ల మీద కూర్చోవడం మానేశాను. ఆ పది రోజులు ఎంత హాయిగా నిద్రపోయానో చెప్తే పాపం చుట్టుకుంటుందేమో.

సంపుటం ఇంకా బజారులోకి రాలేదు, అమ్మాయి కంటపడలేదు. ఈలోపు ఒక ఆదివారం అబ్బాయి మిఠాయి పొట్లంతో వచ్చాడు. కోడలు పాపని ఎత్తుకుని వెనకాల. వాడి చేతిలో రంగు రంగుల కరపత్రం.

"అమ్మా, ఇల్లు వచ్చింది. లాటరీలో మన పేరు వచ్చింది. కింది అంతస్తు. నీకు మెట్లెక్కే బాధ కూడా లేదు."

"ఎక్కడరా?"

"కొత్త కాలనీలో. అదే, పాత తాళ్ళ ఫ్యాక్టరీ వైపు."

నా చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాను. "అది పల్లం. అక్కడ వద్దు."

"మొదలుపెట్టావా. నువ్వు వద్దంటావని తెలిసే చూసుకుని వచ్చాను." కరపత్రం తిప్పి చూపించాడు. వెనకపక్క చిన్న గడిలో నాలుగు వాక్యాలు అచ్చయి ఉన్నాయి. "ఇదిగో. ముంపు భయం లేదు. అప్పటి వరదలో కూడా ప్రాణనష్టం జరగలేదు. ఎవరు రాశారో చూడు. విజ్ఞాన సర్వస్వం, కొత్త ముద్రణ. మన ఇంటి పిల్ల రాసిన దాన్ని కూడా నమ్మకపోతే ఎట్లా?"

అమ్మాయి లోపలినుంచి వచ్చింది. "ఏదీ?" అని తీసుకుంది. చదివింది. రెండోసారి చదివింది.

"ఇది నేను రాయలేదు అన్నయ్యా. అక్కడ మన పెద్దమ్మ చచ్చిపోయింది. ముప్ఫై ఏడుమంది పిల్లలు చచ్చిపోయారు. నేను అదే రాశాను."

"మరి అచ్చులో లేదేం? చివర నీ పొడి అక్షరాలే ఉన్నాయిగా."

"ప్రూఫు చూసుకునే పంపాను. అమ్మే చది..."

అక్కడ ఆగిపోయింది. నా వైపు తిరిగింది. కోడలు పాప నోట్లోంచి కాగితం ముక్క లాగుతోంది.

"అమ్మా, ఆ రోజు కాగితం మీద ఏముంది?"

"ఇదే ఉంది," అన్నాను. "నీకేమవుతుందోనని భయమేసింది."

అది అరవలేదు. అరిస్తే బావుండేది. కరపత్రాన్ని మడత మీద మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడిచింది. "రోజుకి వందసార్లు భయమేస్తోందంటావు," అంది. "గ్యాసుకీ భయం, మెట్టుకీ భయం. ఆ ఒక్క భయం ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్తే నవ్వేదానివి."

"నవ్వేదాన్ని," అని ఒప్పుకుంది. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

అబ్బాయికి ఆ రోజే అంతా చెప్పాను. అక్క సంగతి, వేలిముద్ర సంగతి, ఇస్త్రీ చొక్కా మనిషి సంగతి. నోరు తెరుచుకుని విన్నాడు. వేళాకోళం చెయ్యలేదు. చివరికి, "నలభై నాలుగేళ్ళలో రెండోసారి రాలేదు కదమ్మా," అన్నాడు. "కొత్త తలుపులు పెట్టారట. ఉన్న ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తామని చెప్పేశాను. ఇప్పుడెక్కడికి పోను?" కోడలు నన్నే చూస్తూ, "నిజమేనా అత్తయ్యా, లేకపోతే మీకలా అనిపిస్తుందా?" అంది. ఆ పిల్లని నేనేం అనగలను. ఇన్నేళ్ళూ నాకు ఊరికే అనిపించినవి కూడా నిజమనే చెప్పాను కదా.

అమ్మాయి పెద్దసారు దగ్గరికి పోయింది. తప్పొప్పుల పట్టికలో ఒక వాక్యం వెయ్యమని అడిగింది. ఆయన ప్రూఫు తీయించి పదకొండో పేజీ కింద సంతకం చూపించాడట. అది నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఒక బడిలో పాఠాలు చెప్తోంది. నాతో మాట్లాడుతుంది, మందులు తెచ్చిస్తుంది, జ్వరమొస్తే పక్కనే కూర్చుంటుంది. ఏదైనా చదవాల్సి వస్తే మాత్రం నా చేతికివ్వదు. కళ్ళు మళ్ళీ మంటెక్కిన రోజున కరెంటు కాగితమైనా దర్జీ చేత చదివించుకుంటుంది.

ఇది జరిగి రెండేళ్ళు. ఈ వానాకాలం నుంచి నేను కొత్త కాలనీలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అమ్మాయి వద్దన్నా వినకుండా నేనే వచ్చాను. ఇళ్ళు బావున్నాయి, సున్నాలు కొత్తవి, పంపుల్లో నీళ్ళు బాగా వస్తాయి. జలాశయం ఇక్కడికి కనిపించదు. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటాను. లారీ పోయినా కూర్చుంటాను.

మనవరాలికి నాలుగేళ్ళు నిండాయి. దానికి ఒక ఆట నేర్పాను. నేను రెండు చప్పట్లు కొడితే చాలు, చేతిలో ఏమున్నా అక్కడే పారేసి, ఎవరి కోసమూ వెనక్కి చూడకుండా, మేడ మీదకి పరుగెత్తాలి. "నీ కోసం కూడా చూడకూడదా నానమ్మా?" అని అడిగింది. నా కోసం కూడా చూడకూడదన్నాను. మొదట్లో సగం మెట్ల దాకా పోయి తిరిగి చూసేది. ఇప్పుడు చూడటం లేదు. పక్కవాటాల పిల్లలు కూడా కలిశారు. సాయంత్రాలు పదిహేనుమంది దాకా పరుగెడతారు. తల్లులు గుమ్మాల్లో నిలబడి, ముసలావిడకి భలే ఓపిక అని నవ్వుకుంటారు.

నిన్న పొద్దున్నించి వాన వదల్లేదు. ఇవాళ మధ్యాహ్నం, అన్నాల వేళ, రెండు చప్పట్లు కొట్టి చూశాను. పిల్లలు మేడ మీదకి పరుగెత్తారు. ఒక్కరు తక్కువ. మూడో వాటాలో పిల్లకి జ్వరమట, పడుకుని ఉందట. జ్వరంతోనైనా పిల్లని పైకి పంపమని వాళ్ళమ్మకి ఎలా చెప్పాలా అని వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉన్నాను.